అధ్యక్ష ప్రభుత్వము, పార్లమెంటరీ ప్రభుత్వము: ఎవరు ఎవరికి జవాబుదారి?

ప్రజలు తమ్ము తామే పాలించుకొనుట ప్రజాస్వామ్యమని మనమందరము చెప్పుకొందుము. కాని కోట్లకొలది జనము ఒక్కచోట గుమిగూడి పాలన సాగించుట ఎక్కడను జరుగు పని కాదు. కావున ప్రజలు తమ తరఫున పాలించుటకు కొందరిని ఎన్నుకొందురు. ఇంతవరకు అన్ని ప్రజాస్వామ్య దేశములదియు ఒకే త్రోవ. ఎన్నుకొన్న పిదప వారిని అదుపులో నుంచుట యెట్లు? ఇచ్చట త్రోవ రెండుగా చీలును. ఒకటి అమెరికా సంయుక్త రాష్ట్రములు త్రొక్కిన అధ్యక్ష పద్ధతి. రెండవది ఇంగ్లండులో పుట్టి మన దేశమునకు వచ్చిన పార్లమెంటరీ పద్ధతి.

ఈ రెండింటిని పోల్చి వ్యాసము వ్రాయుమనుట పై తరగతుల పౌరశాస్త్ర పరీక్షలలో తరచుగా వచ్చు ప్రశ్న. మన విద్యార్థుల సమాధానములు సాధారణముగా ఒకే మూసలో నుండును. "అమెరికాలో అధ్యక్షుడు పాలించును, మన దేశములో ప్రధానమంత్రి పాలించును, అధ్యక్ష పద్ధతిలో స్థిరత్వ మెక్కువ, పార్లమెంటరీ పద్ధతిలో బాధ్యత యెక్కువ" అని నాలుగు వాక్యములు వ్రాసి ముగింతురు. ఇవి తప్పులు కావు. కాని స్థిరత్వమనగా నేమి, బాధ్యత యనగా నేమి, ఒకటి పెరిగినపుడు రెండవది యేల తగ్గును అను సంగతి ఈ నాలుగు వాక్యముల వలన తెలియదు. జరిగిన చరిత్రను ఆధారముగా చేసికొని ఆ సంగతిని ఇచ్చట వివరింప దలచితిని. పిల్లలతోపాటు, అన్యభాషా రాష్ట్రములో తెలుగు బడిని నిలుపుకొనుచున్న తలిదండ్రులకును ఇది పనికివచ్చునని నా నమ్మకము.

పేరును బట్టి భ్రమపడరాదు

మొదట ఒక సందేహమును తీర్చుకొందము. "మన దేశమునకును రాష్ట్రపతి యున్నాడు గదా! ఆంగ్లములో ఆయనను ప్రెసిడెంటనియే పిలుతురు గదా! మనది అధ్యక్ష పద్ధతి యేల కాదు?" అని తరగతిలో ఎవరో ఒకరు అడుగుచునే యుందురు. ఇది మంచి ప్రశ్న.

మన బరంపురములో 1894లో జన్మించిన వరాహగిరి వెంకటగిరిగారు 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా నుండిరి. అంతకు ముందు 1962 నుండి 1967 వరకు ఆ పదవి నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు నేటి తమిళనాడులోని తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించినవారు. ఇరువురును నేటి తెలుగు రాష్ట్రములకు వెలుపల జన్మించిన తెలుగువారగుట మనకు సంతోషము కలిగించు విషయము. అయితే వారి పదవికిని వాషింగ్టను నగరములోని అమెరికా అధ్యక్షుని పదవికిని పేరొకటే గాని పని వేరు. మన రాజ్యాంగము 53వ అధికరణము ప్రకారము కార్యనిర్వాహక అధికారము రాష్ట్రపతి యందున్నది. కాని 74వ అధికరణము ప్రకారము ఆయన మంత్రివర్గము సలహా ననుసరించి దానిని వినియోగింపవలెను. 1976లో వచ్చిన 42వ సవరణ ఈ నియమమును మరింత స్పష్టముగా వ్రాసినది. 1978 నాటి 44వ సవరణ వలన ఆయన ఒక సలహాను పునరాలోచనకై ఒక్కసారి త్రిప్పి పంపవచ్చును. మంత్రివర్గము మరల అదే సలహా నిచ్చినచో దాని ప్రకారము నడువవలెను. అమెరికా అధ్యక్షునికి ఇట్టి కట్టుబాటు లేదు. ఆయన కార్యదర్శులు సలహా చెప్పవచ్చును, నిర్ణయము ఆయనదే.

జర్మనీలోను అధ్యక్షుడు కలడు. పాలించువాడు మాత్రము చాన్సలరు. దక్షిణాఫ్రికాలో పాలించు నాయకుని పేరు అధ్యక్షుడే. కాని ఆయనను ఎన్నుకొనునది అచ్చటి జాతీయసభ. అవిశ్వాస తీర్మానముతో దింపగలిగినదియు ఆ సభయే. కావున పేరును చూచి పద్ధతిని నిర్ణయింపరాదు. అడుగవలసిన ప్రశ్న యొక్కటే: పాలించువానిని నడుమ దింపగలవా రెవరు? ఏ కారణమున దింపగలరు?

కౌలుదారు, గుమాస్తా

మన పల్లెలనుండి ఒక ఉపమానము చెప్పెదను. ఒక ఆసామి తన పొలమును నాలుగేండ్లకు కౌలుకిచ్చినాడనుకొనుడు. పత్రము వ్రాసుకొన్న పిదప, సేద్యము తనకు నచ్చలేదని నడిమి సంవత్సరములో కౌలుదారును వెళ్ళగొట్టుటకు వీలులేదు. అతడు పెద్ద ద్రోహమేదో చేసినట్లు రుజువు చేయవలెను. లేనిచో గడువు తీరువరకు ఓర్చుకొనవలెను. మరియొక ఆసామి పొలమును కౌలుకీయక, పనులు చూచుటకు ఒక గుమాస్తాను పెట్టుకొన్నాడు. ఈ గుమాస్తా నేరము చేయనక్కరలేదు. యజమానికి నమ్మకము సడలిన చాలును. మరునాడు తాళపుచెవులు అప్పగించి పోవలసినదే.

మొదటిది అధ్యక్ష పద్ధతి. ప్రజలు నాలుగేండ్లకు అధికారమును అప్పగింతురు. రెండవది పార్లమెంటరీ పద్ధతి. ఇచ్చట యజమానులమైన మన తరఫున నిలిచి, గుమాస్తాను ప్రతిదినము లెక్క అడుగువారు మన మెన్నుకొన్న సభ్యులు. కౌలుదారు నిబ్బరముగా నాలుగేండ్ల పంటకు ప్రణాళిక వేసికొనగలడు. కాని చెడ్డవాడైనచో నాలుగేండ్లును నష్టమే. గుమాస్తా ఎల్లప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకొని పని చేయును. కాని ఏనాటి కానాడు ఉద్యోగ ముండునో ఊడునో యను భయముతో దూరపుచూపు కోల్పోవచ్చును. స్థిరత్వము, బాధ్యత యను రెండు మాటల అర్థ మిదియే.

రెండు పద్ధతులు పుట్టిన తీరు

పార్లమెంటరీ పద్ధతిని ఎవరును ఒకచోట కూర్చుండి రచింపలేదు. ఇంగ్లండులో రాజు చేతిలోని అధికారము క్రమక్రమముగా మంత్రులకు జారెను. ఆ మంత్రులు పార్లమెంటు సభ్యులలోని వారే. 1721 నుండి అధికారము నెరపిన వాల్పోల్‌ను తొలి ప్రధానమంత్రిగా చరిత్రకారులు చెప్పుదురు. కామన్స్ సభలో మద్దతు కోల్పోయి 1742లో ఆయన పదవిని విడిచెను. సభ నమ్మకము పోయినచో పదవియు పోవునను ఆచారము ఇట్టి అనుభవముల నుండి పెరిగి స్థిరపడినది.

అమెరికా సంగతి వేరు. ఇంగ్లండు రాజుపై తిరుగుబాటు చేసి స్వతంత్రులైన వారు 1787లో ఫిలడెల్ఫియా నగరమున సమావేశమై రాజ్యాంగమును వ్రాసికొనిరి. ఒక్క చేతిలో అధికారమంతయు చేరుట వారికి గల పెద్ద భయము. అందుచేత శాసనములు చేయువారిని, అమలు జరుపువారిని, తీర్పు చెప్పువారిని మూడు వేర్వేరు శాఖలుగా విడదీసిరి. అధ్యక్షుడు కాంగ్రెసు సభ్యుడు కాదు. ఆయన కార్యదర్శులును సభ్యులుగా నుండరాదు. హిల్లరీ క్లింటన్ 2009లో విదేశాంగ కార్యదర్శి యగుటకు సెనేట్ సభ్యత్వమును వదలుకొనవలసి వచ్చినది ఇందుకే. మన దేశములో నియమము దీనికి సరిగా ఎదురు: పార్లమెంటు సభ్యుడు కానివాడు మంత్రియైనచో ఆరు నెలలలో ఏదో యొక సభలో సభ్యుడు కావలెను, కాలేనిచో మంత్రిపదవి పోవును.

ఒక్క ఓటు: 1868, 1999

ఇపుడు రెండు సంఘటనలను ప్రక్క ప్రక్కన పెట్టి చూతము. రెండింటను ఫలితమును నిర్ణయించినది ఒక్క ఓటే.

అమెరికాలో 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురికాగా ఉపాధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అధ్యక్షుడయ్యెను. బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారి హక్కుల విషయమున ఆయనకును కాంగ్రెసునకును తీవ్రమైన విరోధము కలిగెను. కాంగ్రెసు చేసిన శాసనములను ఆయన నిరాకరించుట, మూడింట రెండువంతుల ఆధిక్యముతో కాంగ్రెసు వానిని మరల నెగ్గించుట పరిపాటియయ్యెను. కొందరు ఉన్నతాధికారులను సెనేట్ సమ్మతి లేక తొలగింపరాదని 1867లో కాంగ్రెసు ఒక శాసనము చేసెను. మరుసటి సంవత్సరము జాన్సన్ యుద్ధ కార్యదర్శి స్టాంటన్‌ను తొలగింపగా, ప్రతినిధుల సభ అధ్యక్షునిపై మహాభియోగము మోపెను. సెనేట్‌లో విచారణ జరిగెను. 1868 మే 16వ తేదీన ఓటింగు జరుగగా 54 మంది సభ్యులలో 35 మంది ఆయన దోషియనిరి. 19 మంది కాదనిరి. తొలగించుటకు మూడింట రెండువంతులు, అనగా 36 ఓట్లు కావలెను. ఒక్క ఓటు తక్కువైనందున జాన్సన్ పదవిలో నిలిచి, 1869 మార్చిలో గడువు తీరువరకు అధ్యక్షుడుగానే యుండెను. ఆయనను వ్యతిరేకించు రిపబ్లికన్ పక్షమువారే ఏడుగురు, నేరము రుజువు కాలేదను అభిప్రాయముతో, ఆయనను తొలగింపవద్దని ఓటు వేసిరి.

ఇక మన దేశము. 1998 మార్చిలో అధికారమునకు వచ్చిన అటల్ బిహారీ వాజపేయి ప్రభుత్వమునకు ఒక భాగస్వామి పక్షము మద్దతు ఉపసంహరించుకొన్నది. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో విశ్వాస తీర్మానముపై ఓటింగు జరిగినది. అనుకూలము 269, ప్రతికూలము 270. ఒక్క ఓటుతో ప్రభుత్వము పడిపోయెను. ఆనాడు సభాపతి స్థానమున నున్నవారు కోనసీమలోని అమలాపురము సభ్యులైన తెలుగువారు, జి.ఎం.సి. బాలయోగిగారు. ప్రతికూలముగా ఓటు వేసినవారిలో మన ఒడిశా కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ గారు ఒకరు. ఆయన అప్పటికి రెండు నెలల క్రిందటనే ఒడిశా ముఖ్యమంత్రియైరి. లోక్‌సభ సభ్యత్వమును ఇంకను విడువలేదు. ఆయన ఓటు వేయవచ్చునా యను వివాదము చెలరేగగా, సభాపతి ఆ నిర్ణయమును ఆయన అంతరాత్మకే విడిచిరి.

ఈ రెండు సంఘటనలలోని భేదమును గమనింపుడు. జాన్సన్‌కు విరుద్ధముగా సభలో నూటికి దాదాపు 65 మంది నిలిచిరి. అయినను ఆయన నిలిచెను. వాజపేయికి విరుద్ధముగా సగముకంటె రవంత మాత్రమే ఎక్కువ మంది నిలిచిరి; అయినను ఆయన దిగెను. జాన్సన్ విషయమున అడిగిన ప్రశ్న "ఈయన నేరము చేసెనా?" అనునది. వాజపేయి విషయమున అడిగిన ప్రశ్న "ఈయనపై సభకు నమ్మకమున్నదా?" అనునది. వాజపేయిపై ఏ నేరమును మోపలేదు. మోపవలసిన పనియు లేదు. అమెరికాలో ఇంతవరకు ఏ అధ్యక్షుని కూడ సెనేట్ దోషిగా నిర్ణయించి తొలగింపలేదు. 1974లో నిక్సన్ మహాభియోగము రాకమునుపే రాజీనామా చేసెను. 1999లో క్లింటన్, 2020లోను 2021లోను ట్రంప్ సెనేట్ విచారణలో బయటపడిరి.

లాభనష్టములు

ఇట్లు చూచినచో పార్లమెంటరీ పద్ధతియే మేలని తోచును. తొందరపడరాదు. 1999 ఏప్రిల్‌లో ప్రభుత్వము పడిన పిదప, మే నుండి జూలై వరకు కార్గిల్ యుద్ధము జరిగినది. అప్పుడు దేశమును నడిపినది సభలో ఓడి, ఎన్నికలవరకు పదవిలో నున్న తాత్కాలిక ప్రభుత్వమే. 1996, 1998, 1999 సంవత్సరములలో మూడు సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. ఎన్నిక వెంట ఎన్నిక వచ్చుటవలన ఖర్చును, దీర్ఘకాల ప్రణాళికలకు ఆటంకమును కలిగినవి.

సభ యొక్క నమ్మకమును నిలుపుకొనుటకు ప్రభుత్వములు అడ్డదారులు త్రొక్కు అపాయమును కలదు. పి.వి. నరసింహారావుగారు 1991లో సంపూర్ణ ఆధిక్యము లేకయే ప్రభుత్వ మేర్పరచి అయిదేండ్లు నడిపిరి. 1996లో మన బరంపురము నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికైనదియు ఆయనయే. 1993 జూలైలో వచ్చిన అవిశ్వాస తీర్మానమును ఆయన ప్రభుత్వము 265 – 251 ఓట్లతో గట్టెక్కినది. ఆ ఓటింగులో కొందరు సభ్యులు లంచము పుచ్చుకొనిరను అభియోగము న్యాయస్థానముల వరకు పోయినది. నరసింహారావుగారిని ఢిల్లీ హైకోర్టు 2002లో నిర్దోషిగా ప్రకటించినది. ఓటునకు లంచము పుచ్చుకొన్న సభ్యునికి పార్లమెంటరీ రక్షణ లేదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సభ్యులు పక్షములు మారుటను అరికట్టుటకు 1985లో 52వ సవరణ ద్వారా పదియవ షెడ్యూలును చేర్చిరి. పక్షము జారీ చేసిన విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వమును కోల్పోవలసి యుండును. దీనివలన ప్రభుత్వములకు స్థిరత్వము పెరిగినది. కాని ప్రభుత్వమును ప్రతిదినము లెక్క అడుగవలసిన సభ్యుని స్వేచ్ఛ తగ్గినది. 1868లో ఆ ఏడుగురు చూపిన తెగువను నేడు మన సభ్యుడు చూపినచో ఆయన సీటు దక్కుట కష్టము. ఒకటి పెరిగిన రెండవది తగ్గుననుటకు ఇంతకంటె మంచి నిదర్శన మేమి కావలెను?

అధ్యక్ష పద్ధతికి తన కష్టములు తనకు కలవు. అధ్యక్షుని ప్రజలు వేరుగా ఎన్నుకొందురు. కాంగ్రెసును వేరుగా ఎన్నుకొందురు. ఇరువురును ప్రజల తరఫునే మాటలాడుచున్నామని పట్టుబట్టినచో, వారి నడుమ తీర్పు చెప్పువాడు లేడు. మెక్సికో సరిహద్దు గోడకు ధనమిచ్చు విషయమున తగవు వచ్చి, 2018 డిసెంబరు 22 నుండి 2019 జనవరి 25 వరకు 35 దినములు అమెరికా కేంద్ర ప్రభుత్వములోని పెక్కు శాఖలు మూతబడినవి. దాదాపు 8 లక్షల ఉద్యోగులకు ఆ కాలమున జీతములు అందలేదు. పార్లమెంటరీ పద్ధతిలో ఇట్టి ప్రతిష్టంభన నిలువదు. బడ్జెటు నెగ్గించుకొనలేని ప్రభుత్వము దిగిపోవును. క్రొత్త ప్రభుత్వమో క్రొత్త ఎన్నికయో వచ్చును.

ఆపత్కాలములో నాయకుని మార్చవలసి వచ్చినపుడును ఈ భేదము కనబడును. 1940 మే 8న నార్వే యుద్ధపు వైఫల్యముపై కామన్స్ సభలో జరిగిన ఓటింగులో ఇంగ్లండు ప్రధాని చేంబర్లేన్ 281 – 200 ఓట్లతో నెగ్గెను. కాని తన పక్షమువారే పలువురు ఎదురు తిరిగిరని గ్రహించి, రెండు దినములలో రాజీనామా చేసెను. ఎన్నిక లేకయే చర్చిల్ ప్రధాని యయ్యెను. అమెరికాలో ఇట్టి మార్పునకు తావులేదు. అచ్చట 1864లో అంతర్యుద్ధము మధ్యనే, గడువు వచ్చినది కావున అధ్యక్ష ఎన్నిక జరిపించిరి. లింకన్ మరల గెలిచెను. ఒక దేశములో కాలమును కొలుచునది నమ్మకము. మరియొక దేశములో పంచాంగము.

మన పెద్దలు ఏమి ఆలోచించిరి?

మన రాజ్యాంగ నిర్మాణ సభలో ఈ విషయము చర్చకు రాకపోలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుచు డాక్టరు అంబేద్కరు రెండు పద్ధతులను పోల్చి చూపెను. ప్రజాస్వామ్య ప్రభుత్వమునకు స్థిరత్వము, బాధ్యత రెండును కావలెననియు, రెండింటిని సమానముగా సమకూర్చు పద్ధతి ఇంతవరకు దొరకలేదనియు ఆయన ఆశయము. అమెరికా పద్ధతిలో ప్రభుత్వపు మంచిచెడ్డలను గడువునకు ఒకసారి లెక్క చూతురు. పార్లమెంటరీ పద్ధతిలో ప్రశ్నలు, తీర్మానములు, చర్చల ద్వారా ప్రతిదినమును లెక్క చూతురు. మన దేశమునకు ప్రతిదినపు లెక్కయే అవసరమని ఆయన వాదించెను. కె.టి. షా వంటి సభ్యులు అధికారముల సంపూర్ణ విభజనను కోరిరి గాని సభ అందుకు సమ్మతింపలేదు. మంత్రివర్గము లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనను 75వ అధికరణము ఈ ఆలోచనయొక్క ఫలితమే. రాష్ట్రములలో ముఖ్యమంత్రులకును, శాసనసభలకును 164వ అధికరణము ఇదే నియమమును విధించినది.

రెండింటిని కలిపిన దేశములును కలవు. 1954 వరకు యానాము, పుదుచ్చేరులను పాలించిన ఫ్రాన్సు దేశము 1958లో క్రొత్త రాజ్యాంగమును చేసికొన్నది. అచ్చట అధ్యక్షుడును, పార్లమెంటుకు బాధ్యుడైన ప్రధానియు ఇరువురును ఉందురు. 1962లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ననుసరించి అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. 2024 డిసెంబరు 4న అచ్చటి జాతీయసభ అవిశ్వాస తీర్మానముతో ప్రధాని బార్నియే ప్రభుత్వమును పడగొట్టినది. అధ్యక్షుడు మాక్రాన్ మాత్రము తన పదవిలోనే యుండెను. ఒకే దేశములో ఒకే దినమున గుమాస్తా పోవుటయు కౌలుదారు నిలుచుటయు చూడగలిగితిమి.

మనవంటి అల్పసంఖ్యాకులకు ఏది మేలు?

ఈ ప్రశ్నను తలిదండ్రులు తప్పక అడుగుదురు. గంజాము సీమ మద్రాసు రాజధానినుండి 1936లో ఒడిశాలో చేరినది. నాటినుండి ఇచ్చటి తెలుగువారు భాషాపరముగా అల్పసంఖ్యాకులు. ఓట్ల లెక్కలో ఎల్లప్పుడు తక్కువవారమే కనుక, ఏ పద్ధతి మనలను కాపాడునను చింత సహజము.

నిజము చెప్పవలెనన్న, భాషా హక్కులను కాపాడునది ఈ రెండు పద్ధతులలో ఏదియు కాదు. వ్రాతపూర్వకమైన రాజ్యాంగమును, స్వతంత్రమైన న్యాయస్థానమును కాపాడును. దీనికి అమెరికా చరిత్రలోనే ఉదాహరణము కలదు. 1919లో నెబ్రాస్కా రాష్ట్రము, ఎనిమిదవ తరగతి పూర్తి చేయని పిల్లలకు ఆంగ్లేతర జీవభాషలు నేర్పరాదని శాసించెను. జర్మను కుటుంబపు పదేండ్ల పిల్లవానికి జర్మను చదువు నేర్పిన ఒక ఉపాధ్యాయునికి 25 డాలర్లు జరిమానా పడెను. 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శాసనమును కొట్టివేసెను. ఆ ఉపాధ్యాయుని కాపాడినది అధ్యక్షుడు కాదు, శాసనసభ కాదు; న్యాయస్థానము. మన రాజ్యాంగములో 29, 30 అధికరణములు భాషను, సంస్కృతిని నిలుపుకొను హక్కును, విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును ఇచ్చినవి. 1956 నాటి 7వ సవరణ చేర్చిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ప్రభుత్వ పద్ధతి యేదైనను ఇట్టి రక్షణలు ఉండవచ్చును.

అయితే హక్కు వేరు, దినదిన అవసరము వేరు. తెలుగు పాఠ్యపుస్తకములు సమయమునకు రాకపోయిన, తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీగా మిగిలిన, ప్రతిదానికి న్యాయస్థానమునకు పోలేము. ఇచ్చటనే ప్రతిదినపు లెక్క మనకు అక్కరకు వచ్చును. విద్యామంత్రి శాసనసభలో కూర్చుండువాడే. మన నియోజకవర్గపు సభ్యుడు లేచి ప్రశ్న అడిగినచో ఆయన సమాధానము చెప్పవలసియుండును. ఆ సమాధానము సభా వ్రాతలలో నిలిచియుండును. లోక్‌సభలోను ప్రశ్నోత్తరములకు ప్రత్యేక సమయము కలదు. భాషా అల్పసంఖ్యాకుల కొరకు 350-బి అధికరణము క్రింద నియమితుడైన ప్రత్యేకాధికారి నివేదికలను పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచవలెనని నియమమున్నది. సర్కారు అధికారికి మన విన్నపమును రాష్ట్రములో వాడుకలో నున్న ఏ భాషలోనైనను పెట్టుకొనుటకు 350వ అధికరణము హక్కు నిచ్చినది.

కాని అడిగించువారు లేనిదే అడుగువాడు పుట్టడు. సభ్యుడు ప్రశ్న వేయవలెనన్న, ఏ బడిలో ఎందరు పిల్లలున్నారు, ఎన్ని స్థానములు ఖాళీ, పుస్తకములు ఏ తేదీకి వచ్చినవి యను లెక్క మనము వ్రాసి ఆయన చేతికీయవలెను. గుమాస్తాను పెట్టుకొన్న ఆసామి కళ్ళము వైపు తొంగిచూడకపోయినచో, కౌలుకిచ్చినవానికంటె ఎక్కువ నష్టపోవును. పార్లమెంటరీ పద్ధతి నిద్రపోవు యజమానికి తగినది కాదు.

వ్యాసము వ్రాయు విధము

ఇక విద్యార్థులారా, పరీక్షలో ఈ ప్రశ్న వచ్చినపుడు మొదటి పుటలో ఒక పద్ధతిని, రెండవ పుటలో మరియొక పద్ధతిని వర్ణించి ఊరకుండవలదు. అది వర్ణన యగును గాని పోలిక కాదు. ఒకే ప్రశ్నను రెండు పద్ధతులకును వేసి, సమాధానములను ప్రక్క ప్రక్కన ఉంచుటయే పోలిక. ప్రశ్నలు అయిదు చాలును. పాలించువాని నెవరు ఎన్నుకొందురు? ఆయన శాసనసభలో సభ్యుడా? గడువునకు ముందు ఆయనను దింపగలవా రెవరు, ఏ కారణమున? ఆయనకును శాసనసభకును తగవు వచ్చినచో ఏమగును? శాసనసభలోని సామాన్య సభ్యునికి ఎంత స్వేచ్ఛ కలదు?

ప్రతి సమాధానమునకు జరిగిన సంఘటన నొకదానిని సంవత్సరముతో సహా చూపుడు. "స్థిరత్వ మెక్కువ" అని వ్రాయుటకంటె 1868 నాటి 35 ఓట్లను, 1999 నాటి 270 ఓట్లను చూపినచో చదువువారికి విషయము తేటపడును. నేరుగా ఎన్నుకొన్నంత మాత్రముననే అధ్యక్ష పద్ధతి యగునని వ్రాయవలదు. 2022లో మన బరంపురము నగర మేయరును ఓటర్లే నేరుగా ఎన్నుకొనిరి. ఎన్నిక తీరు ఒక్కటే పద్ధతిని నిర్ణయింపదు, తొలగించు తీరును కూడ చూడవలెను. చివర మీ అభిప్రాయమును నిర్భయముగా వ్రాయుడు. ఏ పద్ధతి మేలని చెప్పినను తప్పులేదు. ఆ పద్ధతివలన కలుగు నష్టమును కూడ ఒప్పుకొని, దానిని భరించుట కేల సిద్ధపడుచున్నారో చెప్పవలెను. లోపములేని పద్ధతిని వర్ణించినవాడు ఏ దేశపు ప్రభుత్వమును చూచి వ్రాయలేదని పరీక్షకుడు వెంటనే కనిపెట్టును.

మీలో పై తరగతులవారు కొలది సంవత్సరములలో ఓటర్లగుదురు. నాడు మీరు వేయు ఓటుతో పని ముగియునని తలపవలదు. మన రాజ్యాంగము ప్రతిదినము లెక్క అడుగు పద్ధతిని మనకిచ్చినది. లెక్క అడుగుటకు మొదట లెక్క తెలియవలెను. లెక్క తెలియుటకు చదువు కావలెను. మాతృభాషలో చదివినవాడు ఆ లెక్కను తన ఇంటివారికి, ఊరివారికి వారి మాటలోనే విప్పి చెప్పగలడు. తెలుగు బడిని నిలుపుకొనుటకు మన మింత శ్రమపడుట ఇందుకొరకే.